మూడు నదులు, మూడు మునకలు: అబూ సింబెల్, నాగార్జునకొండ, తేల్‌కూపి



పోయిన వారం మా చదువుల బృందంలో ఒక నమూనా ప్రశ్న ఇచ్చుకున్నాం. "భారీ నీటి ప్రాజెక్టులకూ పురాతన కట్టడాల పరిరక్షణకూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఉదాహరణలతో చర్చించండి. 250 పదాలు." కద్మాలో ఒక ఇంటి మేడ మీద గదిలో ఐదుగురం కూర్చుని రాశాం. రాసినవి మార్చుకుని దిద్దుకుంటే తేలిందేమిటంటే, ఐదుగురమూ ఈజిప్టులోని అబూ సింబెల్ గురించి రాశాం. ఇద్దరు నాగార్జునకొండ ప్రస్తావించారు. తేల్‌కూపి పేరు ఒక్కరూ రాయలేదు. టాటానగర్ స్టేషన్లో అసన్‌సోల్ వైపు బండి ఎక్కి ఆద్రాలో దిగితే అక్కణ్ణించి రోడ్డు దారే. అంత దగ్గర. నేనూ రాయలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గుతో రాస్తున్నది.

మూడు చోట్లకీ మిమ్మల్ని ఒక్కో రోజు తిప్పుతాను. మూడింటి కథా దాదాపు ఒకే కాలానిది. 1950, 60 దశకాల్లో మూడు నదుల మీద మూడు ఆనకట్టలు లేచాయి. మూడు చోట్లా రాతి కట్టడాలు నీటి దారిలో ఉన్నాయి. వాటికి పట్టిన గతి మాత్రం వేరు వేరు. ఎందుకు వేరయిందన్నదే అసలు ప్రశ్న.

ముందు ఈజిప్టు. దుబాయిలో పనిచేసే మా చిన్నాన్న కొడుకు అక్కడికి వెళ్ళొచ్చాడు. అతను చెప్పిన లెక్కన, మీరు అస్వాన్ నగరంలో రాత్రి బస చేస్తారు. గైడుతో ఒక్కరోజు యాత్ర అంటే తెల్లవారుజామున నాలుగింటికే బండి ఎక్కించేస్తారు. దక్షిణంగా దాదాపు 280 కిలోమీటర్లు, దారి పొడుగునా ఎడారి. మూడున్నర గంటల తర్వాత దిగితే ఎదురుగా పెద్ద నీలి సరస్సు. దాని పేరు నాసర్ సరస్సు. గైడు మిమ్మల్ని ఒక గుట్ట వెనక నుంచి నడిపించి ముందు వైపుకు తిప్పుతాడు. అప్పుడు కనిపిస్తారు, ఒక్కొక్కటి 20 మీటర్ల ఎత్తున, కూర్చున్న నాలుగు రాతి విగ్రహాలు. నలుగురూ ఒక్కరే. రెండవ రామ్‌సెస్, క్రీ.పూ. 1279 నుంచి 1213 వరకు ఏలిన రాజు. పిరమిడ్ల కాలం అనుకోకండి, ప్రిలిమ్స్‌లో ఇక్కడే దొర్లుతారు. గీజా పిరమిడ్లు పాత రాజ్య కాలానివి. ఇది కొత్త రాజ్యం, 19వ వంశం. రెండింటికీ మధ్య పన్నెండు వందల ఏళ్ళకు పైనే ఉంది.

ఆ నాలుగింటిలో ఎడమ నుంచి రెండో విగ్రహానికి నడుము పైభాగం లేదు. తలా భుజాలూ కింద ఇసుకలో పడి ఉన్నాయి. ప్రాచీన కాలంలోనే భూకంపానికి విరిగిపడ్డాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

లోపల గోడ మీద కాదేష్ యుద్ధం చెక్కి ఉంటుంది. రామ్‌సెస్ హిట్టైట్లతో చేసిన యుద్ధం. అందులో తానే గెలిచినట్టు చెక్కించుకున్నాడు. నిజానికి ఎవరూ తేల్చుకోలేదు. తర్వాత క్రీ.పూ. 1259 ప్రాంతంలో ఇద్దరూ సంధి చేసుకున్నారు. ఆ సంధి మట్టిపలకలు దొరికింది హిట్టైట్ల రాజధాని, నేటి టర్కీలోని బొఘజ్‌కోయ్‌లో. ఈ పేరు మీకు తెలుసు. ఇంద్ర, వరుణ, మిత్ర, నాసత్యుల పేర్లున్న మితాన్ని సంధి దొరికింది కూడా అక్కడే. మన వైదిక యుగం పాఠమూ ఈజిప్టు పాఠమూ ఒకే ఊరి మట్టిలోంచి లేచాయన్నమాట. ప్రశ్న రావడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

గర్భగుడి దాదాపు 60 మీటర్ల లోపల. అందులో నలుగురు కూర్చుని ఉంటారు, ప్తాహ్, అమున్, దేవుడైన రామ్‌సెస్, రా-హొరాఖ్తి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న, ఉదయపు సూర్యకాంతి అంత లోపలికీ వెళ్ళి ముగ్గురి మీద పడుతుంది. ప్తాహ్ నీడలోనే ఉండిపోతాడు. గైడు ఇంకోమాట కూడా చెబుతాడు. ఒకప్పుడు ఈ వెలుగు ఒకరోజు ముందే పడేదట. గుడి కదిలింది కాబట్టి తేదీ కూడా కదిలింది.

గుడి కదలడమేమిటి? మీరు వెనక నుంచి చుట్టి వచ్చిన ఆ గుట్ట కొండ కాదు. లోపల కాంక్రీటు గుమ్మటం, పైన పేర్చిన రాయి. అసలు గుడి ఇక్కడికి 65 మీటర్ల కింద, నది వైపుకు మరో 200 మీటర్ల దూరంలో ఉండేది. ఇప్పుడు ఆ చోటు నీళ్ళలో ఉంది.

అస్వాన్ హై డ్యామ్ నిర్మాణం 1960లో మొదలై 1970లో ముగిసింది. డబ్బు ఇస్తామన్న అమెరికా 1956లో వెనక్కి తగ్గడం, నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయడం, చివరికి సోవియట్లు ముందుకు రావడం మీరు ప్రపంచ చరిత్రలో చదివిందే. ఆ డ్యామ్ వల్ల నూబియా అనే ప్రాంతం మునుగుతుంది. 1959లో ఈజిప్టు, ఆ తర్వాత సూడాన్, యునెస్కోను సాయం అడిగాయి. 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాలకు పిలుపునిచ్చింది. అబూ సింబెల్‌ను ఎలా కాపాడాలన్న దానికి ఎన్నో ఆలోచనలు వచ్చాయి. చుట్టూ మరో చిన్న ఆనకట్ట కట్టడం, కొండ మొత్తాన్ని జాకీలతో పైకెత్తడం, తేట నీళ్ళలో ముంచి పైనుంచి చూపించడం కూడా వాటిలో ఉన్నాయి. చివరికి ముక్కలుగా కోసి పైన మళ్ళీ పేర్చాలని నిర్ణయించారు. 1964 నుంచి 1968 వరకు ఆ పని సాగింది. వెయ్యికి పైగా ముక్కలు, ఒక్కోటి 20 నుంచి 30 టన్నులు. పైన కొండను తవ్వుతుంటే రాళ్ళు పడి విగ్రహాలు దెబ్బతినకుండా ముందు ముఖభాగం మొత్తాన్ని ఇసుకతో కప్పేశారు. కంటికి కనిపించే చోట యంత్రాలు పెట్టకుండా చేతి రంపాలతో కోశారు, కోత గీత ఆరు మిల్లీమీటర్లు దాటకూడదని.

ఇక విరిగిపడ్డ ఆ తల. కొత్తచోట విగ్రహాలు నిలిపేటప్పుడు దాన్ని అతికించేయవచ్చు. అతికించలేదు. కింద ఎలా పడి ఉందో పైకి తెచ్చి అలాగే పడేసి ఉంచారు. పరిరక్షణ అంటే బాగుచేయడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడం అన్న మాటకు నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. జవాబులో ఒక్క వాక్యం చాలు.

ఇదంతా దయాధర్మంతో జరగలేదు. తవ్వకాలకు వచ్చే దేశాలకు దొరికిన వస్తువుల్లో కనీసం సగం ఇస్తామని ఈజిప్టు ముందే చెప్పింది. సాయం చేసిన దేశాలకు కొన్ని చిన్న గుళ్ళను ఏకంగా కానుకగా ఇచ్చింది. దెందూర్ గుడి న్యూయార్క్‌లో, దెబోద్ గుడి మాడ్రిడ్‌లో ఉన్నాయి. నూబియా ఉద్యమం మొత్తానికి అయిన సుమారు 8 కోట్ల డాలర్లలో సగం యాభై దాకా దేశాలు ఇచ్చాయి. భారతదేశం మనుషులను కూడా పంపింది. 1961-62లో బి.బి. లాల్ నాయకత్వాన మన పురావస్తు బృందం నూబియాలోని అఫియెలో తవ్వకాలు జరిపింది. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడికకు ఊపు ఇక్కడే పుట్టింది. మన దేశం దాన్ని 1977లో ఆమోదించింది. అబూ సింబెల్ నుంచి ఫిలే దాకా ఉన్న నూబియా కట్టడాలు 1979లో జాబితాకెక్కాయి.

ఇప్పుడు కృష్ణ ఒడ్డుకు రండి. ఇక్కడ గైడు యాత్ర అంటే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కడం. చిన్నప్పుడు సెలవులకు శ్రీకాకుళం వెళ్ళి, అక్కణ్ణించి మాచర్లలో ఉన్న పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నన్ను తీసుకెళ్ళారు. లాంచీలో పల్లీలు తినడం తప్ప ఏమీ గుర్తులేదు. పరీక్షకు చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ లాంచీ కింద ఒక రాజధాని ఉందని.

ఇక్ష్వాకుల విజయపురి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఊరు. వాసిష్ఠీపుత్ర శ్రీ శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి దానాలిచ్చారు. మహాచైత్యం కట్టించిన శాంతిశ్రీ శాంతమూలుడి చెల్లెలు, అంటే వీరపురుషదత్తుడికి మేనత్త. ఆ వీరపురుషదత్తుడు పెళ్ళాడింది కూడా మేనత్త కూతుళ్ళనే. మేనరికానికి శాసనాధారం అడిగితే ఇదే చెప్పండి. సింహళ భిక్షువుల కోసం విహారం, బోధిశ్రీ అనే ఉపాసిక దానాల శాసనం, కార్తికేయుడికీ పుష్పభద్రస్వామికీ గుళ్ళు, మెట్ల వరుసలతో కట్టిన రంగస్థలం, నది ఒడ్డున రాతి ఘాట్లు. ఒక్క లోయలో ఇన్ని.

ఈ లోయ సంగతి 1926లో మద్రాసు శాసన శాఖకు చెందిన ఎ.ఆర్. సరస్వతి ద్వారా బయటికొచ్చింది. తర్వాత లాంగ్‌హర్స్ట్, ఆపైన టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. దానికి ఏడాది ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయ మొత్తాన్ని తవ్వడం మొదలుపెట్టింది. ఆరేళ్ళు తవ్వారు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం దాకా ఏ పొరా వదలకుండా. తొమ్మిది కట్టడాలను విప్పి కొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ మార్చి మళ్ళీ కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. ఆ కొండే ఇప్పటి ద్వీపం. మ్యూజియం 1966లో తెరిచారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు.

తేదీలు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. నాగార్జునకొండ తవ్వకం 1960లో ముగిసింది. అబూ సింబెల్ కోత 1964లో మొదలైంది. మునిగే లోయలోంచి కట్టడాలను మార్చడం ప్రపంచానికి ఈజిప్టే నేర్పిందని మనం రాసేస్తాం. మనవాళ్ళు అప్పటికే ఆ పని చేసి చేతులు కడుక్కున్నారు. కొలతలోనూ ఖర్చులోనూ పోలిక లేకపోవచ్చు, క్రమం మాత్రం ఇది. ఆ అనుభవం తర్వాత శ్రీశైలానికీ పనికొచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. మార్చని సంగమేశ్వరం ఒకటి నేటికీ ఏటా మునుగుతూ తేలుతూ ఉంది.

సరే, ఇప్పుడు మన వైపు.

దామోదర్ నది దక్షిణపు ఒడ్డున తేల్‌కూపి. పురూలియా జిల్లా. పాల రాజు రామపాలుడు వరేంద్రిని తిరిగి గెలుచుకున్నప్పుడు సాయపడ్డ సామంతుల్లో తైలకంపి రుద్రశిఖరుడు ఒకడని సంధ్యాకర నంది రామచరితం చెబుతుంది. కైవర్త తిరుగుబాటు చదివినప్పుడు ఈ పేరు దాటుకుంటూ పోయి ఉంటారు. ఆ తైలకంపినే తేల్‌కూపిగా గుర్తించారు. 1872-73లో కన్నింగ్‌హామ్ సహాయకుడు జె.డి. బెగ్లార్ ఇక్కడికి వచ్చి ఇరవైకి పైగా గుళ్ళు లెక్కపెట్టాడు. ఛోటానాగ్‌పూర్ వైపు ఇంత చిన్న చోట ఇన్ని మంచి గుళ్ళు ఇంకెక్కడా లేవన్నట్టు రాశాడు. ఒరిస్సా రేఖా దేవళ్ళ వంటి ఇసుకరాతి శిఖరాలు. మాన్‌భూమ్ మొత్తం జైన శ్రావకుల, అంటే సరాకుల, జాడలున్న నేల.

1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది, అమెరికా టెన్నెసీ వ్యాలీ నమూనాలో. తిలయ్యా 1953, కోనార్ 1955, మైథాన్ 1957, పంచేత్ 1959. ఈ వరుస జతపరచండి ప్రశ్నలకు పనికొస్తుంది. పంచేత్ జలాశయం వెనక్కి తన్నిన నీళ్ళలో తేల్‌కూపి పోయింది. ఇక్కడ నాగార్జునకొండలా ఆరేళ్ళు ముందు తవ్వకం లేదు. విప్పి మార్చడం లేదు. పురావస్తు శాఖ చేరేసరికే నీళ్ళు చేరాయి. దేబలా మిత్ర తాను చూడగలిగినంత చూసి, బెగ్లార్ వర్ణనలూ పాత ఫోటోలూ కలిపి, 1969లో పురావస్తు శాఖ ప్రచురణగా ఒక పుస్తకం తెచ్చారు. మునిగిన గుళ్ళ స్థలం అన్న మాట దాని పేరులోనే ఉంది. ఈవిడే తర్వాత ఆ శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన మొదటి మహిళ.

ఎందుకిలా? కృష్ణ మీద తవ్విన శాఖే కదా ఇదీ చూడాల్సింది, అదీ అదే ఏళ్ళలో. నా అంచనా చెబుతాను, ఒప్పుకోకపోతే మీ వాదన మీరు కట్టుకోండి. నాగార్జునకొండ పేరు ముప్పై ఏళ్ళుగా చలామణిలో ఉంది. ధాతువు దొరికింది, శిల్పాలు పుస్తకాలకెక్కాయి. 1956 బుద్ధుడి మహాపరినిర్వాణానికి 2500వ సంవత్సరం. బౌద్ధ దేశాలన్నీ చూస్తుండగా ఆ లోయను ముంచడం కొత్త ప్రభుత్వానికి మాట తెచ్చే పని. తేల్‌కూపికి అలాంటి అండ లేదు. పైగా ఆ కాలంలోనే దాని కాళ్ళ కింద రాష్ట్రం మారింది. 1956 నవంబరు 1న మాన్‌భూమ్‌లోని పురూలియా భాగం బీహార్ నుంచి పశ్చిమ బెంగాల్‌కు వెళ్ళింది. మనకు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే. భాషా రాష్ట్రాల గురించి రాసేటప్పుడు ఆ రోజున తూర్పున ఏం జరిగిందో కూడా ఒక ముక్క రాయండి. ఆ విభజనలో చాండిల్, ఇచాగఢ్, పటమ్‌దా మాత్రం బీహార్‌లోనే ఉండిపోయాయి. జంషెడ్‌పూర్ నీటి అవసరాలే అందుకు ముఖ్య కారణం. మన కొళాయి నీళ్ళకు ఒక రాష్ట్రపు సరిహద్దును వంచగలిగే బరువుంది. పాతిక గుళ్ళకు ఒక ఆనకట్టను ఏడాది ఆపే బరువు లేకపోయింది.

రాళ్ళ గురించి ఇంతసేపు మాట్లాడి మనుషులను వదిలేస్తే జవాబు సగమే. అబూ సింబెల్ యాత్రలో గైడు రామ్‌సెస్ గురించి గంట చెబుతాడు. నూబియన్ల గురించి అడిగితే తప్ప చెప్పడని మా తమ్ముడి మాట. ఈజిప్టులోనూ సూడాన్‌లోనూ కలిపి దాదాపు లక్షమంది నూబియన్లు ఊళ్ళు వదిలారు. ఈజిప్టు వాళ్ళను కోమ్ ఓంబో దగ్గర ఎడారి కాలనీలకు, సూడాన్ వాళ్ళను దూరాన ఖష్మ్ ఎల్-గిర్బాకు పంపారు. గుడికి పాత దిక్కు, పాత ముఖం, నది ఎదురుగా పాత చోటు దక్కాయి. వాళ్ళకు నదే దక్కలేదు. పంచేత్‌లో 1959 డిసెంబరు 6న నెహ్రూ పక్కన నిలబడి మీట నొక్కింది బుధ్ని మేఝాన్ అనే సంతాల్ కూలీ పిల్ల. ఆయన మెడలో దండ వేసినందుకు పెళ్ళయినట్టేనని ఊరు ఆమెను వెలివేసింది. ఆమె 2023లో చనిపోయింది. ఇక చాండిల్ మన పెరడే. సుబర్ణరేఖ ప్రాజెక్టు కింద వందకు పైగా గ్రామాలు దెబ్బతిన్నాయి. డ్యామ్ దగ్గర చిన్న మ్యూజియం ఉంది, అందులో ఆ చుట్టుపక్కల పాత శిల్పాలు పెట్టారు. ఆదివారం పడవ షికారుకు వెళ్ళేవాళ్ళు ఎక్కువ, ఆ గది తలుపు తోసేవాళ్ళు తక్కువ. ఈసారి తోయండి.

జవాబులో దీన్నెలా వాడాలన్నది క్లుప్తంగా చెబుతాను. 1964 వెనిస్ చార్టర్ ఏడో అధికరణం ప్రకారం కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ చోటు నుంచీ విడదీయరాదు. కాపాడడానికి వేరే దారి లేనప్పుడే మార్చాలి. అబూ సింబెల్‌ను మార్చడం మొదలైన ఏడే ఈ మాట రాశారు. కాబట్టి 'మార్చి కాపాడారు' అని గొప్పగా రాసి వదిలేయకండి, అది ఆఖరి దారి అని రాయండి. ఆ తర్వాత 'ముందే తెలుసుకోవడం' గురించి రాయండి. నాగార్జునకొండకు దొరికిందీ, తేల్‌కూపికి దొరకనిదీ డబ్బు కన్నా ముందు అదే.

ప్రశ్న దిద్దుకున్న తర్వాత ఆదివారం నేనూ ఇంకొకడూ తేల్‌కూపి వెళ్ళాం. ఆద్రాలో దిగి, రఘునాథ్‌పూర్, చెలియామా మీదుగా. టికెట్ కౌంటరు లేదు, గైడు లేడు. చేపలు పట్టే పెద్దాయన తన పడవలో తీసుకెళ్ళాడు. అక్కడి బెంగాలీ నాకు సగమే అర్థమైంది. నీళ్ళలోంచి ఒక శిఖరం లేచి ఉంది, వాకిలి సగం మునిగి ఉంది, రాతి అంచుల మీద కొంగలు. పెద్దాయన తెడ్డు ఆపి నీళ్ళ వైపు చేయి చూపిస్తూ ఇక్కడొకటి, అక్కడొకటి అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నీళ్ళు తప్ప నాకేమీ కనిపించలేదు. పడిపోయినవి ఎక్కడ ఉన్నాయో ఆయనకు తెలుసు, వల చిక్కుకుంటుంది కాబట్టి.

సాయంత్రం బండికి తిరిగొచ్చాం. ఆ 250 పదాల జవాబు మళ్ళీ రాశాను. అబూ సింబెల్‌కు తొంభై పదాలు ఉండేవి, నలభైకి కోశాను.